మధ్యలో ఎవరూ లేరు: ఆన్‌లైన్‌లో పాత ఎలక్ట్రానిక్స్ కొనేవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

మన దేశంలో ఇంటర్నెట్‌లో వస్తువుల బేరం చాలామందికి అలవాటైంది బాజీ డాట్ కామ్ రోజుల్లో. 2004లో ఆ సైటును ఈబే కొనేసింది. ఈబే ఇండియాలో పైసాపే అనే ఏర్పాటు ఉండేది. మనం కట్టిన డబ్బు నేరుగా అమ్మినవాడి ఖాతాలో పడకుండా సైటు దగ్గర ఆగేది. సరుకు రాకపోతే, చెప్పింది ఒకటీ వచ్చింది ఇంకొకటీ అయితే, అడగడానికి మధ్యలో ఒకరుండేవారు. కమిషన్ పోయేది, ఆలస్యమయ్యేది, అమ్మేవాళ్లు సణిగేవాళ్లు. 2018 ఆగస్టులో ఆ దుకాణం మూతపడింది.

అప్పటికే బేరాలు ఓఎల్‌ఎక్స్, క్వికర్‌లకు మళ్లాయి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ కూడా తోడైంది. ఇద్దరు మనుషుల మధ్య నేరుగా జరిగే బేరంలో ఇవి చేసేది పరిచయం వరకే. ఫొటో చూపిస్తాయి, చాట్ తెరుస్తాయి, తప్పుకుంటాయి. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని ధర కుదిర్చే దళారినైనా, కొన్న ఎద్దు మర్నాడు కుంటితే వచ్చేవారం సంతలో నిలదీయొచ్చు. ఇక్కడ ఆ దళారి కూడా లేడు. పైగా 2016లో యూపీఐ వచ్చాక డబ్బు రెప్పపాటులో చేతులు మారుతోంది, వెనక్కి రావడానికి మాత్రం నెలలు పడుతోంది. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ లేని మధ్యవర్తి పని మనమే చేసుకోవడానికి.

ధరను ముందు నిలదీయండి

చవగ్గా కనిపించిన ప్రతిదీ మోసం అనుకుంటే ఈ వేటకే అర్థం లేదు. ఊరు మారుతున్నవాళ్లు, కొత్త మోడల్ కొని పాతది వదిలించుకునేవాళ్లు నిజంగానే తక్కువకు ఇస్తారు. అయితే ఎంత తక్కువ? దానికి ఒక కొలత ఉంది. క్యాషిఫై లాంటి బైబ్యాక్ కంపెనీల సైటులో అదే మోడల్‌ను అమ్మేవాడిలా నింపి చూడండి. ఇంటికొచ్చి ఎంతిచ్చి తీసుకుపోతారో చూపిస్తుంది. వాళ్లు లాభం మిగుల్చుకుని మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి ఆ అంకె బజారు ధర కన్నా బాగా కిందే ఉంటుంది. కంపెనీ పద్దెనిమిది వేలు ఇస్తానంటున్న ఫోన్‌ను ఎవరో పదకొండు వేలకు మీకిస్తానంటే, గుమ్మం ముందుకొచ్చే ఏడు వేలు అతనికెందుకు చేదయ్యాయి? బిల్లు లేకపోవచ్చు, లాక్ పడి ఉండొచ్చు, దొంగ సొత్తు కావచ్చు, లేదా అసలు ఫోనే లేకపోవచ్చు. అంతకు మించి కారణాలు నాకు పెద్దగా తట్టవు.

పై హద్దు కూడా చూసుకోండి. దసరా, దీపావళి సేల్స్ ముందు వారంలో పాత ఫోన్ కొనకండి. బ్యాంకు కార్డు డిస్కౌంటు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ కలిస్తే కొత్తదాని ధర పాతదాని పక్కకు దిగివస్తుంది. సేల్ ముగిసిన పది పదిహేను రోజులకు, కొత్తవి చేతికందినవాళ్లు పాతవి అమ్మకానికి పెడతారు. వేటగాడికి అసలు సీజన్ అది. ఆరు నెలల వారంటీతో వచ్చే రీఫర్బిష్డ్ వస్తువుకూ వ్యక్తి దగ్గర కొనేదానికీ తేడా వెయ్యి రెండు వేలే అయితే, ఆ డబ్బు వారంటీకి పెట్టడమే తెలివి.

చాట్‌లో తెలిసిపోయేవి

“అన్నా, లాస్ట్ ఎంత?” అన్న మెసేజ్‌తో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఎవడైనా జవాబు చెప్పగలడు. వాడినవాడికి మాత్రమే తెలిసేవి అడగండి. ఎప్పుడు కొన్నారు, బిల్లు ఎవరి పేరు మీద ఉంది, తెర ఎప్పుడైనా మార్పించారా, ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కుతుందా, ఎందుకు అమ్మేస్తున్నారు. నిజంగా వాడినవాడు ఒకటి రెండు లోపాలు తనే చెబుతాడు. “ఎవ్రీథింగ్ పర్ఫెక్ట్ బ్రో” అని మాత్రమే అనేవాడితో కొంచెం నెమ్మదించండి.

ఫొటోలు మరీ అందంగా ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. అదే ఫొటో జైపూర్‌లో ఒక ప్రకటనలో, కోయంబత్తూరులో ఇంకో ప్రకటనలో కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. లేకపోతే వీడియో కాల్ అడగండి. కాల్‌లో వస్తువును తిప్పి చూపించమనండి, ఆన్ చేయమనండి. నెట్ బాగాలేదనీ, డ్యూటీలో ఉన్నాననీ, సాయంత్రం చేస్తాననీ మూడుసార్లు దాటవేస్తే వదిలేయండి. నాలుగోసారి అడగొద్దు.

సైనికుడి వేషం కథ ఏళ్లు గడిచినా పాతబడలేదు. హిందీలో మాట్లాడతాడు. ఆర్మీ అనో సీఐఎస్‌ఎఫ్ అనో చెబుతాడు. ట్రాన్స్‌ఫర్ వచ్చింది, సామాను క్యాంపులో ఉంది లేదా శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఉంది, గేట్ పాస్ తీయాలి, ఆర్మీ పార్సిల్ సర్వీసులో పంపిస్తాను, ముందు రెండు వేలు వేయండి అంటాడు. యూనిఫాం ఫొటో, క్యాంటీన్ కార్డు, ఆధార్ అన్నీ వాట్సాప్‌లో దిగిపోతాయి. ఆ కార్డు మీద ఉన్న మనిషి నిజమైన జవానే కావచ్చు, అంతకు ముందు ఇలాగే ఎవరికో తన కార్డు పంపి మోసపోయినవాడూ కావచ్చు. కాబట్టి రెండు జాగ్రత్తలు. ఫొటోలో వచ్చిన గుర్తింపు కార్డును గుర్తింపుగా లెక్కవేయకండి. మీ ఆధార్ ఫొటో కూడా ఎవరికీ పంపకండి.

సైటు చాట్ వదిలి వెంటనే వాట్సాప్‌కు లాగేవాళ్ల విషయంలోనూ జాగ్రత్త. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే సైటు లోపలి సంభాషణే సైటు వాళ్లకు కనిపించే సాక్ష్యం.

డబ్బు దగ్గర

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను. వస్తువు చేతికి రాకముందు ఒక్క రూపాయి పంపకండి. “ఇంకో పార్టీ వస్తున్నాడు, ఐదొందలు టోకెన్ వేస్తే మీకే ఉంచుతా” అంటే, ఆ ఇంకో పార్టీకే ఇవ్వమనండి. పోయేది ఒక్క బేరం. రేపు ఇంకోటి వస్తుంది.

యూపీఐ పిన్ కావాల్సింది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోడానికి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఇది అందరికీ తెలుసు. అయినా మీరు అమ్మేవైపు ఉన్నప్పుడు, కొనేవాడు బేరమాడకుండా ఒప్పుకుని “ముందు రూపాయి పంపి చూస్తా, ఈ కోడ్ స్కాన్ చేయండి సార్” అన్నప్పుడు చెయ్యి దానంతటదే కదులుతుంది. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. ఒక దారి మూసుకుంది గానీ క్యూఆర్ దారి తెరిచే ఉంది. ఏపీకే ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమన్నా, ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టుకోమన్నా ఫోన్ కట్ చేసి నంబరు బ్లాక్ చేయండి.

అమ్మేటప్పుడు ఇంకొకటి. అచ్చం అసలు యాప్‌లా టిక్కు మార్కు, శబ్దంతో సహా “పేమెంట్ సక్సెస్‌ఫుల్” అని చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. ఎదుటివాడి తెర చూసి వస్తువు ఇవ్వకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్స్‌లో డబ్బు కనబడ్డాకే చెయ్యి వదలండి. అతను తొందరపెడితే పెట్టనివ్వండి.

ఫోన్: చూడాల్సింది తెర వెనక

ఎక్కువమంది కొనేదీ, ఎక్కువ చిక్కులున్నదీ ఫోనే. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

డయలర్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు. అది పెట్టె మీదా, బిల్లు మీదా ఉన్నదానితో కలవాలి. తర్వాత మీ ఫోన్ నుంచి ఇంగ్లిషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు ఎస్‌ఎంఎస్ పంపండి. 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో, దాని యాప్‌లో కూడా ఇదే చూసుకోవచ్చు. జవాబులో బ్లాక్‌లిస్టెడ్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉంది అనో వస్తే కొనవద్దని టెలికాం శాఖే చెబుతోంది. మోడల్ పేరు కూడా చదవండి. చేతిలో ఉన్నది శాంసంగ్ అయితే జవాబులో వేరే కంపెనీ పేరు రావడమంటే నంబరు మార్చారని అర్థం. పోయిన ఫోన్‌ను సొంతదారు టెలికాం శాఖవారి సీఈఐఆర్ రిజిస్టరులో బ్లాక్ చేయించాక, అందులో ఎవరు సిమ్ వేసినా ఆచూకీ పోలీసులకు చేరుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు అలా పట్టుకున్న ఫోన్లను సొంతదారులకు తిరిగి ఇవ్వడం తరచూ పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ ఫోన్లలో చాలావాటిని మధ్యలో ఎవరో డబ్బు పెట్టి కొనే ఉంటారు. వాళ్ల ఫొటో మాత్రం పేపర్లో రాదు.

ఇక లాక్‌లు. ఐఫోన్‌కు 2013 నుంచి యాక్టివేషన్ లాక్, ఆండ్రాయిడ్‌కు 2015 నుంచి ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ ఉన్నాయి. పాత ఖాతా తీయకుండా ఫోన్ చెరిపేస్తే, మళ్లీ ఆ ఖాతా పాస్‌వర్డ్ అడిగి అక్కడే నిలబడిపోతుంది. అందుకని అమ్మేవాడు ముందే రీసెట్ చేసి తెచ్చిన ఫోన్ కన్నా, వాడుతున్న ఫోన్‌ను మీ ఎదుట సైన్ అవుట్ చేసి రీసెట్ చేసేది మేలు. రీసెట్ అయ్యాక మీ హాట్‌స్పాట్‌కు కలిపి, మీ ఖాతాతో హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ పూర్తి చేయండి. “రేపు పాస్‌వర్డ్ పంపిస్తా తమ్ముడూ” అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి.

మన దగ్గర ఇంకో లాక్ ఉంది. ఈఎంఐ మీద కొన్న కొన్ని ఫోన్లలో అప్పిచ్చిన సంస్థ పెట్టిన లాక్ ఉంటుంది. వాయిదా తప్పితే ఫోన్ బిగుసుకుపోతుంది. కొన్నవాడు మూడు వాయిదాలు కట్టి, ఫోన్ అమ్మేసి, మిగతావి ఎగ్గొడతాడు. ఫోన్ మీ చేతిలో ఉండగా ఒకరోజు పొద్దున్నే తెర మీద బాకీ నోటీసు! రీసెట్ చేసి నెట్‌కు కలిపిన కొన్ని నిమిషాల్లో ఆ లాక్ యాప్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. సెటప్‌లో “ఈ పరికరాన్ని ఒక సంస్థ నిర్వహిస్తోంది” అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడండి. బిల్లు మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందని ఎన్‌ఓసీ అడగండి. ఈ ఒక్క కాగితం అడిగేవాళ్లు ఎందుకో చాలా తక్కువ.

మిగతావి త్వరగా చెబుతాను. తెల్లటి ఫొటో తెర నిండా పెట్టి ఆకుపచ్చ, గులాబీ గీతలు ఉన్నాయేమో చూడండి. బూడిదరంగు ఫొటో పెడితే, తెరలో ముద్రపడిపోయిన కీబోర్డు మరక ఉంటే కనిపిస్తుంది. చాలా శాంసంగ్ ఫోన్లలో *#0*# కొడితే పరీక్షల మెనూ వస్తుంది. ఐఫోన్‌లో సిమ్ ట్రే తీసి టార్చి వేస్తే లోపలి గుర్తు ఎర్రబడి ఉందేమో తెలుస్తుంది. ఎర్రదనం అంటే నీళ్లు. బ్యాటరీ హెల్త్ శాతం ఒక్కటే చూసి నమ్మకండి, అది మార్చేవాళ్లున్నారు. ఐఓఎస్ 15.2 నుంచి సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ దగ్గర, మార్చిన భాగాలు అసలువా కావా అన్నది చూపిస్తోంది. ఆపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు బ్యాటరీ 500 ఛార్జింగ్ సైకిళ్లకు, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతానికి దిగుతుంది. ఆండ్రాయిడ్ అయితే చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. రెండేళ్ల నాటిదైతే అందులో బ్యాంకు యాప్ పెట్టుకోకండి. మీ సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడండి, అవతలివాళ్లను మీ గొంతు ఎలా ఉందో అడగండి. స్పీకర్, మైకు, ముందు వెనక కెమెరాలు, వేలిముద్ర, ఛార్జింగ్. అమ్మేవాడు విసుక్కున్నా పదిహేను నిమిషాలు తీసుకోండి.

ల్యాప్‌టాప్

హైదరాబాద్, బెంగళూరు కంపెనీల లీజు ముగిసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు పాత బజారులో నిజమైన నిధి. గట్టిగా ఉంటాయి, స్పేర్లు దొరుకుతాయి. కాకపోతే, ఆఫీసు వదిలేటప్పుడు వాపసు ఇవ్వని ల్యాప్‌టాప్‌లు కూడా వీటిలో కలిసి వస్తాయి. అడుగున ఆస్తి నంబరు స్టిక్కర్ గీకేసిన గుర్తుంటే ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడగండి. బయాస్‌లోకి వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే కొనకండి. విండోస్ కొత్తగా వేసి నెట్‌కు కలిపినప్పుడు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే, ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ పుస్తకాల్లోనే ఉంది. రీఇన్‌స్టాల్ చేసినా ఆ పేరు పోదు.

వెళ్లేటప్పుడు ఉబుంటు వేసిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. దాని నుంచి బూట్ చేస్తే వైఫై, శబ్దం, కెమెరా, అన్ని కీలూ ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి. విండోస్ నడుస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్క్ ఆరోగ్యం, ఎన్ని గంటలు నడిచిందీ చూడండి. విండోస్ బ్యాటరీ రిపోర్ట్‌లో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందువి ఎంత చవగ్గా వచ్చినా ఒకసారి ఆలోచించండి. కొద్దిపాటి మినహాయింపులు తప్ప విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే పడుతుంది, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లినక్స్ వాడేవాళ్లకు మాత్రం ఇదే పండగ.

ఇతర సరంజామా

2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం, అంటే మైనింగ్, ఆగిపోయింది. మైనింగ్‌లో పగలూ రాత్రీ తిరిగిన కార్డులు గుట్టలుగా బజారులోకి వచ్చాయి. మైనింగ్ కార్డు అనగానే పారిపోనక్కర్లేదు. చిప్ కన్నా ముందు ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరుగుతాయి. అమ్మేవాడి కంప్యూటర్‌లో పదిహేను నిమిషాలు బరువైన గేమో బెంచ్‌మార్కో నడిపించి చూడండి. వట్టి కార్డు పెట్టెలో తెచ్చి ఇస్తే వద్దనండి. పాత కార్డుకు కొత్త మోడల్ పేరు ఎక్కించి అమ్మడం కూడా ఉంది, జీపీయూ-జెడ్‌లో పెడితే బయటపడుతుంది.

మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు పాతవి కొనకండి. వందల రూపాయల కోసం అంత శ్రమ దండగ. చేతికి వచ్చేస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా రాసి చదివించండి. 1 టెరాబైట్ అని చూపించేది 32 జీబీ దగ్గర బోల్తాపడొచ్చు. కెమెరా బాడీ అయితే షట్టర్ కౌంట్ అడగండి. పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో నాలుగు సీజన్లు తిరిగిన బాడీకి బయట గీత లేకపోయినా లోపల వయసైపోయి ఉంటుంది. లెన్సులో వెనక నుంచి టార్చి వేసి చూడండి. విశాఖ, కాకినాడ గాలిలో బీరువాలో పడి ఉన్న లెన్సుకు సాలెగూడులా బూజు పట్టడం మామూలే. ఇంకో లెన్సు పక్కన పెడితే దానికీ వ్యాపించొచ్చు.

అమెరికా నుంచి వచ్చిన వస్తువులు

మన ఇళ్లలో ఇదొక ప్రత్యేకమైన సరుకు. తిరిగి వచ్చేసినవాళ్లు, సెలవులకు వచ్చిన పిల్లలు తెచ్చినవి కాలనీ గ్రూపుల్లో అమ్మకానికి వస్తాయి. అడుగున లేబుల్ చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లు సాధారణంగా ఇలాగే ఉంటాయి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల గోడకు తగిలించకండి. వేడిచేసే వస్తువైతే మూడున్నర రెట్లకు పైగా కరెంటు తాగి క్షణాల్లో మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, 1500 వాట్ల ఓవెన్‌కు తగినది కొనేసరికి చవక బేరం ఆవిరైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దింపుతుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. కొన్ని రకాల మోటార్లు ఉన్న వస్తువుల వేగంలో, వేడిలో తేడా రావొచ్చు.

అమెరికా ఐఫోన్లు 14 నుంచి సిమ్ ట్రే లేకుండా వస్తున్నాయి, అంతా ఈసిమ్. సెట్టింగ్స్‌లో క్యారియర్ లాక్ దగ్గర “నో సిమ్ రెస్ట్రిక్షన్స్” అని ఉండాలి. లేకపోతే అక్కడి నెట్‌వర్క్‌కు కట్టేసిన ఫోన్ అది. అక్కడే ఉండి చదువుకుంటూ ఫర్నిచర్, టీవీ, ల్యాప్‌టాప్ కొనుక్కునే మన పిల్లలకు ఒక మాట. డబ్బు బదిలీకి అక్కడ వాడే జెల్‌లో పంపినది మామూలుగా వెనక్కి రాదు. చాలా ఊళ్లలో పోలీసు స్టేషన్ల దగ్గరే ఇలాంటి లావాదేవీలకు కెమెరాలున్న చోటు కేటాయిస్తారు, అక్కడే కలవండి. తెలుగువాళ్ల గ్రూపులో దొరికినంత మాత్రాన, మన భాష మాట్లాడినంత మాత్రాన పరీక్ష మానొద్దు.

ప్రాణం మీదికి వచ్చేవి

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఇక్కడ విషయం వేరు.

పాత ఆటల మోజులో ఇప్పుడు మళ్లీ డబ్బా టీవీలు వెతుకుతున్నారు. కలర్ పిక్చర్ ట్యూబుకు 20 వేల వోల్టులకు పైగా అందుతాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ ఛార్జి నిలిచి ఉండొచ్చు. వెనక మూత విప్పకండి. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి కెపాసిటర్ కూడా అలాంటిదే, ప్రాణాలు తీయగలదు. తలుపు వంగినా, గొళ్లెం సరిగ్గా పడకపోయినా ఆ ఓవెన్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఉబ్బిన లిథియం బ్యాటరీని గుర్తుపట్టడం నేర్చుకోండి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెడితే ఊగుతుంది, టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటుంది. ఫోన్ వెనక పలక అంచు దగ్గర విడిపోయి ఉంటుంది. దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి, చెత్తబుట్టలో వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికే ఇవ్వండి. పాత పవర్ బ్యాంకులు నేనైతే ముట్టుకోను. లోపల ఏ సెల్‌లు ఉన్నాయో, ఎన్నిసార్లు కింద పడిందో చూసే దారి లేదు. ఫోన్‌తో పాటు “ఫ్రీగా” వచ్చే ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే, దాన్ని ఆయనకే వదిలేసి కొత్తది కొనుక్కోండి.

ఎక్కడ కలవాలి

పగలు, జనం మధ్య, కెమెరాలున్న చోట. అమీర్‌పేట మెట్రో స్టేషన్, మాల్‌లో ఫుడ్ కోర్టు, వై-ఫై ఉన్న కాఫీ షాపు. ప్లగ్ పాయింట్ ఉన్న చోటు చూసుకోండి, ఛార్జింగ్ పరీక్షించకుండా ఎలా? చివరి నిమిషంలో చోటు మార్చి, “గల్లీలోకి రండి అన్నా, ఇక్కడే” అంటే వెనక్కి తిరగండి. సంచిలో మీ సిమ్, మీ ఛార్జర్, ఇయర్‌ఫోన్లు, టార్చి, పెన్‌డ్రైవ్. తోడుగా ఒక మనిషి. ఆ తోడొచ్చినవాడికి ఎలక్ట్రానిక్స్ తెలియకపోయినా ఫర్వాలేదు. మీరు తెర మీద తల వంచుకున్నప్పుడు చుట్టూ చూసే కళ్లు ఆయనవి.

టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అయితే ఇంటికి వెళ్లక తప్పదు. అది అడ్డంకి అనుకోకండి, ఇల్లు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఎంత నగదు తెచ్చారో ముందే చెప్పకండి. ఆడవాళ్లు అమ్మేటప్పుడు ఫ్లాట్ నంబరు ఇవ్వకుండా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికో, సొసైటీ ఆఫీసుకో రమ్మనండి. వాచ్‌మన్‌ను పక్కనే నిలబెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కాగితం

మాట మీద కొన్న ఫోన్ రేపు కేసులో తేలితే, మీరు కొన్నారనడానికి సాక్ష్యం ఏది? తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు చాలు. ఫలానా మోడల్, ఐఎంఈఐ లేదా సీరియల్ నంబరు, ధర, తేదీ, ఇది నా సొంతం, అప్పు లేదు అని అమ్మేవాడు రాసి సంతకం చేయాలి. ఆయన గుర్తింపు కార్డును అసలుది చూడండి, కాగితం మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకోండి. అసలు బిల్లు తీసుకోండి. నగదు కన్నా యూపీఐలో ఇవ్వడం మేలు. ఆ ఖాతా పేరు బిల్లు మీద పేరుతో కలుస్తుందో లేదో పంపేముందు తెరే చెబుతుంది.

కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ దొంగ సొత్తు గురించి. దొంగదని తెలిసీ, లేదా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. సగం ధర, బిల్లు లేదు, పెట్టె లేదు, సంతకం పెట్టనన్నాడు. ఇవన్నీ కలిస్తే “నమ్మడానికి కారణం” కాదని పోలీసు స్టేషన్‌లో వాదించడం కష్టం. ఏ పాపం తెలియనివాళ్ల మీద కేసు లేకపోవచ్చు, ఫోన్ మాత్రం స్వాధీనం చేసుకుంటారు.

మీరే అమ్ముతుంటే

ప్రకటన ఫొటోలో ఐఎంఈఐ, బిల్లు మీద చిరునామా కనబడనివ్వకండి. ఇచ్చేముందు గూగుల్, ఆపిల్ ఖాతాల నుంచి సైన్ అవుట్ చేయండి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి, అప్పుడు రీసెట్. ఇటీవలి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి అది చాలు. పాత హార్డ్ డిస్క్‌కు ఫార్మాట్ చాలదు, దాని మీద మొత్తం తిరగరాసే పద్ధతి వాడండి. కొన్నవాడి చేత కూడా కాగితం మీద సంతకం పెట్టించుకోండి. అమ్మాక ఆ ఫోన్‌తో ఎవరేం చేసినా, బిల్లు మీద ఉన్న పేరు మీదే.

మోసం జరిగితే

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. మోసగాడు డబ్బును ఇంకో ఖాతాకు, అక్కణ్నుంచి ఏటీఎంకు తరలించేలోపు ఆపడమే ఆ హెల్ప్‌లైన్ పని. పరువు ఆలోచనతో ఒక రాత్రి ఆగితే ఆపడానికి ఏమీ మిగలదు. లావాదేవీ యూటీఆర్ నంబరు, అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. ప్రకటన మాయమయ్యేలోగా తీసుకోవాలి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి, మీ బ్యాంకుకు చెప్పండి, సైటులో ఆ ఖాతాను రిపోర్ట్ చేయండి. డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటూ వచ్చే రెండో ఫోన్ కాల్ చాలాసార్లు అదే ముఠాది. దానికి ఫీజు కట్టకండి.

కొన్నాక ఆ ఫోన్ దొంగదని తెలిస్తే ఇంకొకరికి అమ్మి వదిలించుకోవాలని చూడకండి. అప్పటిదాకా లేని నేరం ఆ అమ్మకంతో మీ మెడకు చుట్టుకుంటుంది. బిల్లు, సంతకం కాగితం, చాట్, చెల్లింపు వివరాలు తీసుకుని మీరే దగ్గరి పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. ఫోన్ అప్పగించి రసీదు అడిగి తీసుకోండి. అమ్మినవాడి మీద ఫిర్యాదు కూడా అప్పుడే రాసి ఇవ్వండి.